పేరు కాదు, మిషన్ చెప్పండి: పాత వాచీకి పార్టు వెతికే పద్ధతి

(బెంగళూరు జాలహళ్ళి వైపు ఉంటున్న తెలుగువాళ్ళ ఆదివారం సమావేశంలో ఒక వాచీ మెకానిక్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండీ.

పాత వాచీల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇది నాలుగు మాటల్లో తేలే విషయం కాదు. అయినా ఒక్క సంగతి మీ మనసులో పడితే చాలనుకుని వచ్చాను.

వాచీ ఆగిపోతే మనవాళ్ళు షాపుకొచ్చి మొట్టమొదట అడిగేది, ‘దీనికి పార్టు దొరుకుతుందా?’ అని. దొరుకుతుందో లేదో చెప్పాలంటే లోపలున్న మిషన్, అంటే వాచీని నడిపే యంత్రం, ఏదో ముందు తెలియాలి కదా. అది తెలియకుండా పార్టు వెతకడమంటే, వీధి పేరు, ఇంటి నంబరు లేకుండా మల్లేశ్వరంలో సుబ్బారావు గారిల్లు వెతికినట్టే. ఉండటం ఉంటారు, మనకే దొరకరు. పార్టుల్లేక మూలన పడ్డాయనుకున్న వాచీల్లో చాలావాటికి నిజానికి పార్టులున్నాయి. ఏ మిషనో ఎవరూ చూడలేదు, అంతే.

డయల్ మీద పేరుంది కదా అంటారు మీరు. చిక్కంతా ఆ పేరుతోనే.

స్విట్జర్లాండులో ఒకప్పుడు వాచీ కంపెనీలు వందలకొద్దీ ఉండేవి. వాటిలో చాలామంది మిషన్ సొంతంగా చేసుకునేవాళ్ళు కారు. మిషన్లు చేసే కంపెనీలు వేరే ఉండేవి. ఎ. షిల్డ్, అదే మనం ఏఎస్ అంటాం. ఫాంటెన్‌మెలాన్ ఊళ్ళో ఎఫ్‌హెచ్‌ఎఫ్. ఈటీఏ, యునిటాస్, ఫెల్సా, ఇలా. వీళ్ళు అడుగు ప్లేట్లు, చక్రాలను పైనుంచి పట్టుకునే బ్రిడ్జిలు, పళ్ళ చక్రాలు తయారుచేసి అమ్మితే, వాచీ కంపెనీలు కొనుక్కుని, తమ కేసులో పెట్టి, తమ డయల్ వేసుకుని అమ్మేవి. 1926లో ఎ. షిల్డ్, ఎఫ్‌హెచ్‌ఎఫ్, ఎ. మిషెల్ ఈ మూడూ కలిసి ఎబోష్ ఎస్ఏ అనే సంస్థగా ఏర్పడ్డాయి. ఈటీఏ 1932లో అందులో చేరింది.

దీంట్లో మోసమేమీ లేదు, ఆ వ్యాపారం నడిచిన తీరే అది. పైగా మనకదే మేలైంది. మీ తాతగారి వాచీ మీదున్న కంపెనీ మూతపడి యాభై ఏళ్ళయి ఉండొచ్చు. ఆ పేరుతో వెతికితే ఏమీ దొరకదు. లోపలున్నది ఏఎస్ మిషన్ అయితే మాత్రం, అదే మిషన్ ఇంకెన్నో పేర్ల కింద ప్రపంచమంతా తిరిగింది. దాని పార్టులు ఇవాళ్టికీ దొరుకుతాయి.

ఇక మన జాలహళ్ళి సంగతి. మీలో కొంతమంది ఇళ్ళల్లో పెద్దలు ఇక్కడి ఫ్యాక్టరీలో చేసినవాళ్ళే, నాకంటే మీకే బాగా తెలుసు. హెచ్‌ఎంటీ 1953లో మొదలైంది మెషిన్ టూల్స్‌తో. వాచీలు వచ్చింది 1961లో, జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో. తర్వాత శ్రీనగర్‌లో, తుమకూరులో, అక్కడ ఉత్తరాన రాణీబాగ్‌లో కూడా ఫ్యాక్టరీలు వచ్చాయి. కీ ఇచ్చే హెచ్‌ఎంటీల్లో మనకు ఎక్కువగా తగిలే మిషన్ 0231. పదిహేడు జువెల్స్, అంటే ఇరుసులు అరక్కుండా పెట్టే చిన్న రాళ్ళు. జనతా తెరిచినా, పైలట్ తెరిచినా, కోహినూర్ తెరిచినా సాధారణంగా అదే. బయట డయల్ వేరు, ముళ్ళు వేరు, కేసు వేరు. లోపల గుండె ఒకటే. అందుకే కేసు తుప్పుపట్టి పోయిన జనతాలోని చక్రం మీ నాన్నగారి పైలట్‌ను బతికిస్తుంది. ఆటోమేటిక్ కాంచన్, రజత్ లాంటివి వేరే జాతి, వాటి పార్టులు దీనికి పనికిరావు. ‘హెచ్‌ఎంటీ పార్టు కావాలి’ అని అడిగితే చాలదని చెప్పడానికే ఇదంతా.

సరే, మిషన్ నంబరు ఎక్కడుంటుందో చూద్దాం. కెమెరా పెట్టారు కాబట్టి వెనకవాళ్ళకు కూడా తెర మీద కనబడుతుంది. ఇదొక పాత స్విస్ వాచీ. డయల్ మీద పేరు చెరిగిపోయింది. ఆరు దగ్గర చిన్న సెకన్ల ముల్లు ఉంది, చూశారా. వెనక మూత తీస్తున్నాను. ఇది నొక్కుడు మూత, అంచున గోరు పట్టేంత సందుంటుంది, అక్కడ కేస్ నైఫ్ పెట్టి లేపాలి. చుట్టూ గాట్లున్న మూతైతే అది తిప్పుడు మూత, దానికి వేరే పనిముట్టు ఉంటుంది. కూరగాయల కత్తితో మాత్రం తియ్యకండి. జారితే నేరుగా బ్యాలెన్స్ మీదికే పోతుంది.

ఇప్పుడు లోపల. ఇటూ అటూ ఊగుతోందే, అది బ్యాలెన్స్ చక్రం. చాలామంది ఇక్కడే పొరబడతారు. బ్రిడ్జి మీద మెరిసే అక్షరాలు చదివి అదే మిషన్ నంబరు అనుకుంటారు. అక్కడున్నది వాచీ కంపెనీ పేరు, ‘17 జువెల్స్’, ‘స్విస్’. కొన్నింటి మీద ‘అన్‌అడ్జస్టెడ్’ అని కూడా ఉంటుంది. అది చూసి, నాసిరకం అంటగట్టారేమోనని బాధపడేవాళ్ళున్నారు. అమెరికాలో వాచీల మీద దిగుమతి సుంకం జువెల్స్ లెక్కను బట్టీ, టైము తప్పకుండా ఎన్ని విధాల అడ్జస్ట్ చేశారన్నదాన్ని బట్టీ వేసేవాళ్ళు. సుంకం తగ్గాలని అలా చెక్కించారు. బ్యాలెన్స్ బ్రిడ్జి మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు విడిగా కనిపిస్తే అవి కూడా అమెరికా దిగుమతిదారు గుర్తే, మిషన్ పేరు కాదు. మూత లోపలి పొడుగాటి నంబరు కేసుది.

అసలు గుర్తు బ్యాలెన్స్ చక్రం కింద, అడుగు ప్లేటు మీద, అంచుకు దగ్గరగా ఉంటుంది. చక్రం ఆకుల సందులోంచి తొంగి చూడాలి. కంటికి ఐ గ్లాస్ పెట్టుకుని, లైటు పక్కనుంచి వాలుగా పడేట్టు పెట్టండి. నేరుగా పడితే ఇత్తడి మెరుపులో అక్షరం కనిపించదు. ఇదిగో, ఇప్పుడు తెర మీద చూడండి. చిన్న గుర్తు, అందులో ఏఎస్. పక్కన 1130. దొరికింది! ఈ వాచీ ఎవరిదో, ఎవరు అమ్మారో ఇక మనకు అనవసరం. ఏఎస్ 1130 అన్న రెండు ముక్కలు చాలు.

జపాన్ వాచీలైతే పని ఇంకా సులువు. సీకో వెనక మూత మీద 7009 అని, గీత, తర్వాత ఇంకో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి నాలుగే మిషన్, తర్వాతవి కేసువి. కాకపోతే మూత మారిపోయిన వాచీలు మన దగ్గర తక్కువేం కాదు. మూత మీద చదివినా, లోపల మిషన్ మీద ఇంకోసారి సరిచూసుకోండి.

అంకె లేని మిషన్లు కూడా ఉంటాయి. అరిగిపోయి ఉంటుంది, లేదా కంపెనీవాళ్ళే తమ సొంత నంబరు వేయించి అసలు పేరు కనపడనిచ్చి ఉండరు. అక్కడే ఈ పనిలో అసలు రుచి.

ముందు కొలత. కేసు కొలత కాదు, మిషన్ కొలత. వెర్నియర్ కాలిపర్‌తో డయల్ వైపు వ్యాసం తీసుకోవాలి. పాత స్విస్ లెక్క లీన్లలో ఉంటుంది, ఒక లీను 2.256 మిల్లీమీటర్లు. ఈ 1130ని కొలిస్తే 29కి కాస్త అటూ ఇటూ వస్తుంది, అంటే పదమూడు లీన్లు. తర్వాత జువెల్స్. పదిహేడు ఎలా వచ్చిందో తెలిస్తే వాచీని చదవడం వచ్చినట్టే. బ్యాలెన్స్‌కు పైనా కిందా కలిపి నాలుగు, దాని పిన్ను ఒకటి, బ్యాలెన్స్‌కూ చక్రాలకూ మధ్య ఊగే పాలెట్ ఫోర్కు కొసల్లో రెండు రాళ్ళు. అవి ఏడు. పాలెట్ ఇరుసుకు రెండు, ఆ ఫోర్కు ఒక్కో పన్నుగా వదిలే ఎస్కేప్ వీల్‌కు రెండు, నాలుగో చక్రానికి రెండు, మూడో చక్రానికి రెండు. పదిహేనయ్యాయి. నడిమి చక్రానికి కూడా రెండుంటే పదిహేడు. అంతకు మించి ఉంటే మామూలుగా ఆటోమేటిక్ విభాగంలోనో, ఇంకెక్కడో ఉంటాయి.

బ్యాలెన్స్ మధ్య రాయిని పట్టుకునే సన్నటి స్ప్రింగ్ కూడా ఊరు పేరు చెబుతుంది. కింద పడ్డప్పుడు దెబ్బ కాచేది అదే. దాని ఆకారం చూడండి. రెండు కొమ్ములుండి ఒక పక్క మడతబందులా లేచేదైతే ఇంకాబ్లాక్, స్విస్ వాచీల్లో ఎక్కువ. మూడు రేకుల ఆకులా ఉంటే డయాషాక్, అది సీకో. పారాషాక్ అని రాసుంటే సిటిజన్, లేదా మన హెచ్‌ఎంటీ.

టిక్కు శబ్దం కూడా చెబుతుంది. గంటకు 18,000 కొట్టే మిషన్ సెకనుకు ఐదు, 21,600 అయితే ఆరు, 28,800 అయితే ఎనిమిది. పాత కీ వాచీల్లో ఎక్కువ ఐదువే.

వీటన్నిటికంటే గట్టి సాక్ష్యం డయల్ కింద దాగి ఉంది. కీ లాగితే ముళ్ళు తిరుగుతాయి, లోపలికి నొక్కితే స్ప్రింగ్ చుట్టుకుంటుంది కదా, ఆ మార్పు చేసే చిన్న చిన్న రేకులు అక్కడ ఉంటాయి. సెట్టింగ్ లివర్, యోక్, వాటి స్ప్రింగులు. వీటి ఆకారం సాధారణంగా ఒక మిషన్‌కూ ఇంకో మిషన్‌కూ కలవదు. మనిషికి వేలిముద్ర ఎలాగో, మిషన్‌కు ఇవి అలాగ. పాత అమెరికన్ కేటలాగు బెస్ట్‌ఫిట్ ఉంది, అందులో మిషన్లను గుర్తుపట్టే పద్ధతే ఇది. కొలత చూసుకుని, ఆ రేకుల బొమ్మలు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ పోవడమే. నంబరు లేని మిషన్‌కు ఇంతకంటే నమ్మకమైన దారి నాకు తెలియదు.

అయితే డయల్ తియ్యాలంటే మిషన్ కేసులోంచి బయటికి రావాలి, అంతకు ముందు స్టెమ్, అంటే కీ నుంచి లోపలికి వెళ్ళే సన్నటి కడ్డీ, రావాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. స్టెమ్ పక్కనే చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని ఒక చుట్టు, మహా అయితే చుట్టున్నర వదులు చేస్తే స్టెమ్ దానంతట అదే జారి వస్తుంది. పూర్తిగా విప్పేశారో, కింద సెట్టింగ్ లివర్ ఊడి డయల్ కింద పడుతుంది. ఇక ముళ్ళు తీసి, డయల్ తీసి మళ్ళీ కూర్చోబెట్టుకోవాల్సిందే. కొన్నింట్లో స్క్రూ బదులు నొక్కే బొడిపె ఉంటుంది. మిషన్ విప్పే ముందు, కీ ఇస్తే చుట్టుకునే మెయిన్ స్ప్రింగ్ బలం వదిలెయ్యడం మరవద్దు. కీని వేళ్ళతో గట్టిగా పట్టుకుని, స్ప్రింగ్ వెనక్కి తిరగకుండా ఆపే క్లిక్‌ను పక్కకు జరిపి, మెల్లగా వెనక్కి తిరగనివ్వాలి. ఒక్కసారి వదిలేస్తే పళ్ళు విరుగుతాయి.

ఇంకొక మాట, ఇది ఆరోగ్యానికి సంబంధించింది. 1960లకు ముందటి స్విస్ వాచీల్లో చీకట్లో వెలిగే అంకెలుంటే అది రేడియం రంగు అయ్యే అవకాశముంది. వెలుగు ఎప్పుడో ఆరిపోయింది, రేడియం మాత్రం పోలేదు. దాని సగం ఆయుష్షే 1600 ఏళ్ళు. ఆ రంగు గీకకండి, ఊదకండి. పిల్లల చేతికి అలాంటి తెరిచిన వాచీ ఇవ్వకండి.

మిషన్ తెలిసింది. ఇప్పుడు పార్టు పేరు. స్విస్ వాళ్ళు చేసిన గొప్ప మేలు ఒకటుంది. ఏ మిషన్ అయినా సరే, ఒక పని చేసే పార్టుకు ఒకటే నంబరు. 401 అంటే స్టెమ్. 443 సెట్టింగ్ లివర్. 705 ఎస్కేప్ వీల్, 710 పాలెట్ ఫోర్కు, 723 బ్యాలెన్స్ ఇరుసు, అదే బ్యాలెన్స్ స్టాఫ్, 770 మెయిన్ స్ప్రింగ్. కాబట్టి చీటీ మీద ‘ఏఎస్ 1130, 443’ అని రాసి ఏ దేశం పంపినా, భాష రాకపోయినా, వాళ్ళు సరైన ముక్కే తీసిస్తారు.

మన ఊళ్ళో అయితే చిక్కపేట, అవెన్యూ రోడ్డు వైపు వెళ్ళండి. ఆదివారం బజారులో కూడా ఆగిపోయిన వాచీలు కుప్పలుగా పెడతారు. అక్కడ డయల్ చూసి బేరం ఆడకండి, మూత తీయించి మిషన్ చూడండి. బ్యాలెన్స్ ఊగుతోందా, తుప్పుందా, స్క్రూ తలలు చెడిపోయాయా. మీ మిషన్ నంబరే అయితే చాలు, గ్లాసు పగిలినా, ముళ్ళు లేకపోయినా కొనండి. మెకానిక్‌కు అది ఒక పెట్టె నిండా పార్టులు.

అన్నీ అలా దొరికినవి దొరికినట్టు వెయ్యకూడదు. మెయిన్ స్ప్రింగ్ సంగతి తీసుకోండి. దాని ఎత్తు, మందం, పొడవు మూడూ కలవాలి. మందంలో తేడా మరీ ప్రమాదం. బలం మందానికి ఘనం లెక్కన పెరుగుతుంది. 0.10 మిల్లీమీటర్లది ఉండాల్సిన చోట 0.11ది వేస్తే, తేడా కంటికి కనపడదు గానీ బలం మూడో వంతు పెరుగుతుంది. బ్యాలెన్స్ అవసరానికి మించి ఊగి కొట్టుకుంటుంది, వాచీ ముందుకు పరిగెడుతుంది. ‘కొత్త స్ప్రింగ్ వేయించినా టైము నిలవట్లేదు’ అని వచ్చే వాచీల్లో దీన్ని చాలాసార్లు చూశాను. అలాగే బ్యాలెన్స్, దాన్ని ఇటూ అటూ ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగ్ ఫ్యాక్టరీలో జతగా కుదిర్చినవి. ఒకదాని చక్రం, ఇంకోదాని హెయిర్ స్ప్రింగ్ కలపాలంటే మళ్ళీ మొదటినుంచి లెక్క కుదర్చాలి. తెచ్చుకుంటే జతగా తెచ్చుకోవాలి.

రిపేరుకు ఇచ్చినప్పుడు విరిగిన పార్టు అడిగి వెనక్కి తీసుకోండి. సిగ్గుపడాల్సిందేం లేదు. విరిగిన సెట్టింగ్ లివర్ రెండు ముక్కలూ ఉంటే, రేపు ఇంకో మెకానిక్ దాన్ని కొత్తదాని పక్కన పెట్టి పోల్చుకోగలడు. చెత్తలో పడేస్తే మిగిలేది ఊహే. వాచీలు బాగు చేసేవాళ్ళం మేము కూడా ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాతవాటికి చాలా పార్టులు ఇప్పుడు ఫ్యాక్టరీల్లో తయారుకావు. హెచ్‌ఎంటీ వాచెస్ మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది 2016లో. ఉన్నదాన్ని పారేసుకుంటే మళ్ళీ రాదు.

ఇక డయల్ గురించి ఒక్క మాట. ఫ్యాక్టరీ ఎన్నడూ చెయ్యని రంగుల్లో హెచ్‌ఎంటీలు ఇప్పుడు అమ్ముతున్నారు. పాత డయల్ గీకేసి కొత్త రంగేసి, పేరు అచ్చువేస్తారు. దీన్ని కొన్నిసార్లు పట్టించేది కూడా మిషనే. డయల్ వెనక రెండు చిన్న కాళ్ళుంటాయి, అవి మిషన్ ప్లేటులోని రెండు రంధ్రాల్లో దిగుతాయి. ఆ రంధ్రాల చోటు మిషన్‌ను బట్టి మారుతుంది. కాళ్ళు కోసేసి గమ్ముతోనో, టేపుతోనో అంటించి ఉంటే ఆ డయల్ ఈ మిషన్‌ది కాకపోవచ్చు. అనుమానముంటే జాలహళ్ళిలోనే హెచ్‌ఎంటీ హెరిటేజ్ సెంటర్ ఉంది, అక్కడ పాత మోడళ్ళు పెట్టారు, వెళ్ళి పోల్చుకోండి. నన్నడిగితే, మచ్చలు పడ్డ అసలు డయల్‌కు రంగు వేయించొద్దు. మీ నాన్నగారు రోజూ చూసిన ముఖం అదే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దావిడ: కీ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, వాచీ మాత్రం నడవదు. ఏమైనట్టు?)

అమ్మా, అది కీ వాచీయా, ఆటోమేటిక్కా? కీ వాచీ అయితే మెయిన్ స్ప్రింగ్ విరిగుండాలి, లేదా దాని లోపలి కొస కొక్కెంలోంచి జారి ఉండాలి. పెద్ద జబ్బు కాదు, పైన చెప్పిన 770 అదే. ఆటోమేటిక్ అయితే మాత్రం కీ ఆగకుండా తిరగడం మామూలే, నిండాక జారేట్టు పెట్టారు. అప్పుడు జబ్బు ఇంకెక్కడో ఉంది.

(వెనక నుంచి ఒకాయన: హెచ్‌ఎంటీ పార్టులు ఇంకా ఎన్నాళ్ళు దొరుకుతాయి సార్?)

0231 అయితే ఇప్పటికి భయం లేదు, ఆ మిషన్ అంత విరివిగా తయారైంది. తక్కువ తయారైన మోడళ్ళుంటే ఇప్పుడే ఒక ఆగిపోయిన జత వాచీ చూసి పెట్టుకోండి. స్టెమ్, బ్యాలెన్స్ స్టాఫ్ లాంటివి లేత్ మీద చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. స్టాఫ్ కొస పదో వంతు మిల్లీమీటరు మందం ఉంటుంది, ఆ చెయ్యి అందరికీ రాదు, కూలి కూడా ఎక్కువే. కానీ చెయ్యొచ్చు. ఎస్కేప్ వీల్ పోతే మాత్రం ఇంకో మిషన్‌లోంచి తీసుకోవాల్సిందే.

(ఒక అమ్మాయి: ఆన్‌లైన్‌లో పార్టులు కొనొచ్చా అంకుల్?)

కొనొచ్చమ్మా, నేనూ కొంటాను. అమ్మేవాళ్ళు ‘సరిపోతుంది’ అన్నారని కొనకు. పార్టు ఫోటోతో పాటు అది ఏ మిషన్‌లోంచి తీశారో ఆ మిషన్ ఫోటో అడుగు, బ్యాలెన్స్ కింద నంబరు కనపడాలి. స్టెమ్ కొంటే కీ బిగించే మర చూడు. 0.90 మిల్లీమీటర్ల మరను టాప్ 10 అంటారు, 1.20ది టాప్ 8. మర కలవకపోతే ఉన్న కీ దానికి ఎక్కదు. కొత్త స్టెమ్ మామూలుగా పొడుగ్గానే వస్తుంది, కేసుకు సరిపడా మనం కోసుకోవాలి. కోసేటప్పుడు కాస్త కాస్తగా కొయ్యి, ప్రతిసారీ పెట్టి చూసుకో. పొట్టిదైతే మళ్ళీ ఇంకొకటి తెప్పించుకోవాలి.